తుక్కు సామానుతో బండి కట్టాను, ఒక్కచోట తప్పు చేశాను

పోయిన వారం గుంటూరు యార్డులో టిక్కీలు దించుతుంటే మన పక్కూరి కుర్రాడొకడు నా బండి చుట్టూ ఒక రౌండు వేసి, "బాబాయ్, ఇంకా ఈ డొక్కు బండేనా? ఫైనాన్సు వాళ్లు పిలిచి మరీ ఇస్తుంటే కొత్తది తీసుకోవచ్చుగా" అన్నాడు. మా ఇంట్లో మా వాడు కూడా ఇదే పాట. యార్డులో దించుకునే హడావుడిలో వాడికి సరిగా జవాబు చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

నాది 2006 మోడల్ బొలెరో పికప్పు. 2013లో సెకండ్ హ్యాండులో కొన్నా. పదేళ్లు మిర్చి, పత్తి, ఎరువులు, ఇటుకలు, ఒకసారి పెళ్లి పందిరి సామాను, ఒకసారి మా మేనత్త గేదె, అన్నీ మోసింది. 2023 ఎండాకాలం వచ్చేసరికి ఇక దానివల్ల కాలేదు. బ్యాక్ కంప్రెషన్, పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా పొగ, లోడు మీద రెండో గేరు నిలవకుండా బయటికి తన్నడం, తొట్టి అడుగు రేకు ఎరువు బస్తాల ఉప్పుకి తినేసి కాలు పెడితే కిందికి పోయేది. షోరూముకి వెళ్లి అడిగితే కాగితాలతో సహా తొమ్మిదిన్నర లక్షల పైన చెప్పారు. రెండున్నర లక్షలు చేతి నుంచి కట్టి, 7 లక్షలు ఫైనాన్సు చేయిస్తే అయిదేళ్లకి నెలకి 15 వేల పైచిలుకు కంతు.

ఆ ఏడాది మిర్చి మంచి రేటు. తేజా క్వింటా 20 వేలు దాటి పలుకుతోంది. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు 15 వేల కంతు చిన్నగానే కనిపిస్తుంది. కానీ నేను నా పాత డైరీ తీసి చూశా. బండి నాకు ఏడాదిలో నిజంగా పని చేసిన రోజులు 90 కూడా లేవు. మిగతా రోజులన్నీ వేపచెట్టు కింద కోళ్లకి నీడ ఇస్తూ పడుంటుంది. 90 రోజుల పనికి ఏడాదికి లక్షా ఎనభై వేలు కంతు కట్టాలా? మా ఊరి నుంచి యార్డుకి కిరాయి బండి 3 వేలు తీసుకుంటుంది. ఆ కంతు డబ్బుతో 60 ట్రిప్పులు కిరాయికి తోలించుకోవచ్చు. నాకున్న నాలుగెకరాలకి అన్ని ట్రిప్పుల పంట ఎక్కడిది?

కొత్త బండి మానేసి పాతదాన్నే ఇంటి దగ్గర తిరగ కట్టుకుందామని మొదలుపెట్టా. నాకు మెకానిజం చదువు లేదు. ఇంటర్ తర్వాత రెండేళ్లు ట్రాక్టర్ షెడ్డులో స్పానర్లు అందించా, అంతే. మా ఊరి మెకానిక్ తమ్ముడు సాయంత్రాలు వస్తానన్నాడు. పగలు విప్పడం, కడగడం, గీకడం నా పని. రాత్రి బిగించడం అతని పని.

ఇంజను లేపడానికి క్రేను ఎక్కడిది మనకి? బోరు మోటార్లు లాగే వాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి కదా, అది తెచ్చాం. 300 అడుగుల లోతు నుంచి పైపులతో సహా మోటారుని లాగే స్టాండుకి ఇంజను ఒక లెక్కా. మా ఆవిడ మాత్రం వాకిట్లో ఇంజను వేలాడుతుంటే రెండు రోజులు ముగ్గు వేయలేదు, ఆ కోపం ఇప్పటికీ ఉంది.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్ నాలుగుసార్లు తిరిగా. వెళ్లని వాళ్లకి చెప్తున్నా, అక్కడ దొరకని పార్టంటూ ఉండదు, కానీ ఏది దేనికి సరిపోతుందో మనకి తెలిసి ఉండాలి. మన పాత బొలెరో పికప్పుకి ఒక పెద్ద అదృష్టం ఏంటంటే, దాంట్లో ఉన్నది 2523 సీసీ డీఐ ఇంజను. ఒకప్పుడు మన ఊళ్లల్లో ఇరవై మందిని వేలాడేసుకుని తిరిగిన కమాండర్ డీఐ జీపుల్లోనూ ఆ ఇంజనే ఉండేది. ఆ జీపులన్నీ ఆటోల దెబ్బకి మూలన పడ్డాయి, వాటి సామాను ఇంకా దొరుకుతోంది. కొత్త రకం ఇంజన్లకి ఈ సుఖం లేదు. సెన్సారు పోతే ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడు రావాలి. దీనికి 14 స్పానరు, 17 స్పానరు పట్టుకున్నవాడు చాలు.

ఇంజను స్క్రాపు నుంచి 52 వేలకి తెచ్చా. గేర్ బాక్సు 14 వేలు. క్రౌన్ పినియన్ సెట్టు 9 వేలు. క్రౌను దగ్గర మాత్రం ఒక మాట. అంగట్లో "అన్నీ ఒకటే సార్, బొలెరోదే" అంటారు, నమ్మొద్దు. పళ్లు లెక్కపెట్టండి. క్రౌను పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. 43కి 8 అయితే 5.38, 39కి 8 అయితే 4.88, 41కి 11 అయితే 3.73. అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ, వేగం తక్కువ. మనుషులు తిరిగే బండిది తెచ్చి లోడు బండికి వేస్తే పొలం గట్టు ఎక్కలేక క్లచ్చు కాలిపోతుంది. నేను పాతది విప్పి లెక్కపెట్టి, సుద్దముక్కతో చేతి మీద రాసుకుని వెళ్లా. అంగట్లో మొదట ఇచ్చినది వేరే లెక్క తేలింది. చూపిస్తే నవ్వి లోపల్నించి ఇంకోటి తెచ్చాడు.

క్లచ్ ప్లేటు కొత్తది, టైర్లు కొత్తవి, బ్రేకు సామాను మొత్తం కొత్తది వేయించా. కమాన్ కట్టల్లో విరిగిన రెండాకులు మార్చాం. తొట్టి అడుక్కి చెక్కర్ షీటు వేసి వెల్డింగు పెట్టించా. మెకానిక్ కూలితో కలిపి మొత్తం లక్షా డెబ్బై వేలు తేలింది. నా నలభై రోజుల చాకిరీ దీంట్లో వేయలేదు. రోజుకి 600 చొప్పున నా కూలి కూడా కలిపితే లక్షా తొంభై నాలుగు వేలు. జూన్‌లో ఫిట్‌నెస్ పాసైంది. పాసైన రోజు ఇంటికొస్తూ ఊరి మొదట్లోనే హారన్ కొట్టా, చిన్నపిల్లాడిలాగా.

ఇంతవరకే చెప్పి ఆపితే మీరంతా భలే అంటారు. నేను రాయాలనుకున్నది మాత్రం దీని తర్వాత జరిగింది.

ఆ డిసెంబర్లో డైనమో పోయింది. డైనమో అంటే మన వాడుక మాట, అదే ఆల్టర్నేటర్. మిర్చి కోతలు మొదలయ్యే రోజులు. కొత్తది 10 వేలు చెప్పారు. తెలిసిన స్క్రాపు అతని దగ్గర 2,200కి పాతది దొరికింది. కమాండర్ జీపుది. "కండిషన్ బాగుంది, పెట్టుకో" అన్నాడు. నేనే పెట్టుకున్నా. ఛార్జింగ్ చూశా, బ్రహ్మాండంగా వస్తోంది. లైట్లు పట్టపగల్లా వెలుగుతున్నాయి. ఏడు వేల ఎనిమిది వందలు మిగిలాయని ఆ రాత్రి హాయిగా పడుకున్నా.

ఈ బండ్లల్లో డైనమో వెనకాల ఇంకో చిన్న పంపు ఉంటుంది. వాక్యూమ్ పంపు. డైనమో తిరిగితే అదీ తిరుగుతుంది. అది గాలిని లాగితేనే బ్రేకు బూస్టరు పని చేస్తుంది, మన కాలు సగం బలంతో తొక్కితే మిగతా బలం అది ఇస్తుంది. పంపు లోపల చిన్న రెక్కలుంటాయి, అవి అరిగిపోతే గాలి లాగదు. నేను తెచ్చిన దాంట్లో అవి అరిగిపోయి ఉన్నాయి. ఛార్జింగ్ వస్తోందా అని చూశానే గానీ వాక్యూమ్ వస్తోందా అని చూడలేదు. ఇందులో ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, ఆ పంపు సంగతి నాకు తెలియక కాదు. జూన్‌లో ఇంజను బిగించేటప్పుడు దాని ఆయిల్ పైపు నా చేత్తోనే బిగించా.

బ్రేకు పెడలు గట్టిపడింది. తెలుస్తూనే ఉంది. కొత్త బ్రేకు సామాను కదా, ఇంకా సర్దుకోవాలేమో అని నాకు నేనే చెప్పుకున్నా. మన నేల చదును నేల. ఊళ్లో పొలానికి, పొలం నుంచి కళ్లానికి తిరిగేదానికి బలంగా తొక్కితే ఆగుతోంది. అలా నెలన్నర నడిపా.

2024 ఫిబ్రవరిలో ఒక పొద్దున కోతలకి మనుషుల్ని తీసుకెళ్తున్నా. వెనక 16 మంది ఆడవాళ్లు, ముఠా మేస్త్రమ్మ, ఆమె మనవరాలు. బడి లేదని పిల్లని వెంట తెచ్చింది. కాలవ వంతెన ఎక్కి దిగుతుంటే ఎదురుగా గొర్రెల మంద. బ్రేకు తొక్కా. రాయి మీద కాలు పెట్టినట్టుంది. సీట్లోంచి లేచి రెండు కాళ్లతో తొక్కా, బండి మెల్లగా అయిందే గానీ ఆగలేదు. రెండో గేరుకి కొట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎడమ పక్క పూడిక తీసి పోసిన మట్టి కుప్ప మీదికి ఎక్కించేశా. ముందు చక్రం మట్టిలో దిగబడి ఆగింది. అక్కణ్నుంచి కాలవ అంచు నాలుగు బారలు ఉంటుంది. ఆ రోజుల్లో కాలవ నిండా నీళ్లు.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఒకామెకి మోచెయ్యి కొట్టుకుపోయింది. కింద పడ్డ సద్ది గిన్నెలు ఏరుకుంటూ మేస్త్రమ్మ నన్నేమీ తిట్టలేదు. "బండి బాగా చేశానన్నావుగా అన్నా" అంది, అంతే. మనవరాల్ని ఎత్తుకుని నడుచుకుంటూ చేనుకి పోయింది. మిగతా వాళ్లూ ఆమె వెనకాలే నడిచారు. ఆ రోజు కోత ఆపలేదు వాళ్లు. నేను మాత్రం మధ్యాహ్నం దాకా ఆ మట్టి కుప్ప దగ్గరే కూర్చున్నా.

ఇది చెప్పింది నా మీద జాలి పడతారని కాదు. నేను పాత సామాను వేసి బండి కట్టొద్దు అనే మనిషిని కాను, ఇప్పటికీ కట్టుకోమనే చెప్తా. కాకపోతే బండిని నడిపించే సామాను వేరు, బండిని ఆపే సామాను వేరు. ఇంజను, గేర్ బాక్సు, క్రౌను, సెల్ఫు, రేడియేటరు, తలుపులు, ఇవి పాతవి వేసి మోసపోతే బండి రోడ్డు పక్కన ఆగుతుంది. డబ్బు పోతుంది, ఒక పూట పోతుంది. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, బ్రేకు పైపులు, బూస్టరు, స్టీరింగు రాడ్ల ఎండ్లు, టైర్లు, ఇవి పాతవి వేసి మోసపోతే బండి ఆగదు. ఈ రెండో జాబితాలో డైనమో కూడా ఉందని నాకు కాలవ గట్టు మీద గుర్తొచ్చింది. స్క్రాపు అంగట్లో పాత సిలిండర్లని పెట్రోలుతో కడిగి, కొత్త రబ్బర్లు వేసి, కవర్లో పెట్టి ఇస్తారు, చూడ్డానికి కొత్తదే. లోపల గోడ గీతలు పడి ఉంటే ఆ రబ్బరు నెల రోజులు ఆగదు.

ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటి చెప్తా, ఇప్పుడే వెళ్లి చూసుకోండి. ఇంజను ఆపి ఉంచి బ్రేకు అయిదారుసార్లు తొక్కండి. పెడలు గట్టిపడుతుంది. అలాగే కాలు ఆనించి ఉంచి ఇంజను స్టార్ట్ చేయండి. పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగిందా, బూస్టరు పని చేస్తున్నట్టు. దిగలేదా, ఆ బండి ఆ రోజు బయటికి తీయొద్దు. అర నిమిషం పని. నేను ఆ అర నిమిషం పెట్టలేదు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. ఇంజను మార్చారంటే బ్లాకు మీద నంబరు మారుతుంది. ఆర్సీలో పాత నంబరే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి లేకుండా ఇంజను మారిస్తే 14 రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. దానికి ఇంజను కొన్న బిల్లు కావాలి. ఆ ఇంజను ఏ బండిలోదో, ఆ బండి కాగితాలు రద్దయ్యాయో లేదో అడిగి తీసుకోండి. బిల్లు లేని ఇంజను అయిదు వేలు తక్కువకి వస్తుంది, నాకూ చూపించారు. దొంగ బండిదైతే ఆ అయిదు వేలకి పోలీస్ స్టేషన్ మెట్లు ఎన్నిసార్లు ఎక్కాలో లెక్కేసుకోండి. మా బావమరిది ఊళ్లో ఒకతని బండికి యాక్సిడెంటయింది. ఇంజను నంబరు కలవలేదని ఇన్సూరెన్సు క్లెయిమ్ ఏడాదిన్నర నలిగింది. చివరికి ఎంతొచ్చిందో అతను ఎవరికీ చెప్పడు.

ఇంకో అపోహ. 15 ఏళ్లు దాటితే బండి తుక్కేనట కదా అని అడుగుతుంటారు. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన రిజిస్ట్రేషన్లు రద్దు చేసింది ప్రభుత్వ బండ్లకి. మన బండి ఏడాదికోసారి ఫిట్‌నెస్ పాసైతే తిరగొచ్చు. కాకపోతే 15 దాటిన బండ్లకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు, అదీ మీ లెక్కలో వేసుకోండి. పాత బండి డీజిల్ కూడా ఎక్కువే తాగుతుంది. నాది లోడు మీద లీటరుకి 10 వస్తే గొప్ప.

ఇక మనుషుల్ని ఎక్కించడం. ఆ రోజు తర్వాత నేను నా బండిలో కూలీలని ఎక్కించలేదు. కోతలకి ఆటోలు మాట్లాడుతున్నా, డ్రైవరుకి గట్టిగా చెప్పి లెక్కకి మించి ఎక్కించుకోనివ్వను, రెండు ట్రిప్పులు వేయిస్తా. సీజనుకి 14 వేలు అదనపు ఖర్చు. మన వాళ్లే కొందరు నవ్వుతున్నారు, "నువ్వొక్కడివే పెద్ద రూలుగాడివా, అందరూ ఎక్కిస్తున్నారు" అని. అందరం ఎక్కిస్తున్నాం, నిజమే. పొద్దున్నే మన రోడ్ల మీద చూడండి, గూడ్సు బండ్లలో నిలబడి, తొట్టి అంచు మీద కూర్చుని పోతుంటారు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన వాళ్లకి ఏమన్నా అయితే ఇన్సూరెన్సు కంపెనీది బాధ్యత కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చిందని మా వకీలు చెప్పాడు. అంటే ఆ రోజు బండి కాలవలో పడుంటే ఆ పదహారు కుటుంబాలకి జవాబు చెప్పాల్సింది నేనూ, నా నాలుగెకరాలూ. ఆ పొలం మొత్తం అమ్మినా ఆ పిల్ల సంగతికి జవాబు అవుతుందా? కొత్త బండి అయినా సరే, ఈ మాట మారదు. కాబట్టి కొత్తదా పాతదా అన్న వాదనకీ దీనికీ సంబంధం లేదు. 14 వేలు బరువే. వెయ్యండి.

మా వాడి మాట కూడా న్యాయంగా చెప్పాలి. "నాన్నా, నువ్వు కంతు భయపడి కొత్తది కొనలేదు, ఆ పిసినారితనమే పాత డైనమో కొనిపించింది, రెండూ ఒకటే బుద్ధి" అన్నాడు. రెండు రోజులు ఆలోచించా. సగం నిజం. లక్షా డెబ్బై వేలు పెట్టినవాణ్ని ఇంకో ఏడు వేల ఎనిమిది వందల దగ్గర కక్కుర్తి పడ్డా. సీజను తొందరలో పెట్టా. కానీ మిగతా సగం నేను ఒప్పుకోను. 2023లో 20 వేలు పలికిన మిర్చి 2025లో ఎక్కడికి దిగిందో మీకు తెలుసు. కేంద్రమే క్వింటాకి 11,781 అని రేటు కట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది నేను కోత కూలి ఇవ్వడానికే వడ్డీకి తెచ్చా. దాని మీద నెలకి 15 వేల కంతు కూడా ఉండుంటే, ఫైనాన్సు వాళ్లు బండి తోలుకుపోయి ఉండేవాళ్లు. చేతి నుంచి కట్టిన రెండున్నర లక్షలూ గోవింద. అది కూడా యాక్సిడెంటే కదా, నెత్తురు కనపడదంతే.

రోజూ కిరాయిలకి తిరిగేవాడు కొత్తది తీసుకోవాల్సిందే, వాడికి ఈ లెక్కలు పనికిరావు. ఛాసిస్ తుప్పు పట్టి సుత్తితో కొడితే పెచ్చులు రాలే బండి ఉన్నవాడు కూడా దాని మీద రూపాయి పెట్టొద్దు. ఛాసిస్‌కి అతుకులు వేసి నడిపే వాళ్లని చూశా, లోడు మీద వంకర తిరిగి పోతుంటుంది ఎండ్రకాయలాగా. ఏడాదికి వంద రోజుల లోపు పని, గట్టి ఛాసిస్, ఊళ్లో నమ్మకమైన మెకానిక్, ఈ మూడూ ఉన్నవాళ్ల గురించే నేను మాట్లాడుతున్నా. మన పేజీ చదివే వాళ్లల్లో అలాంటి వాళ్లే ఎక్కువని నా నమ్మకం.

ఆ పాత డైనమోని తిరిగి ఇచ్చేయలేదు. స్క్రాపు అతను 1,500 ఇస్తానన్నాడు. ఇస్తే రేపు ఇంకెవరికో పెడతాడు. వెనక పంపు విప్పేసి, అరిగిన రెక్కలు కవర్లో వేసి డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నా. బండి అడగడానికి వచ్చిన కుర్రాళ్లకి ముందు అవి చూపిస్తా. మేస్త్రమ్మ ముఠా ఈ ఏడాది కూడా మా చేనుకే వస్తామని మాటిచ్చింది. ఆటోలోనే వస్తుందట, నా బండి మాత్రం ఎక్కదట.

వెనక కమాన్ బుష్‌లు కొట్టుకుంటున్నాయి. ఆదివారం జాకీ ఎత్తాలి. ఎవరి దగ్గరైనా పెద్ద జాకీ ఉంటే శనివారం సాయంత్రానికల్లా ఒక మాట చెప్పండి.